కెమెరా వైపు చూడకండి

ఆ వేసవిలో వాన కోసం నేను మొక్కినట్టు ఏ రైతూ మొక్కి ఉండడు. అసలు ఇంగ్లండు ఉత్తరాన ఉన్న మా కోల్డెన్‌షాలో వాన కోసం మొక్కడమేమిటి! ఇళ్ళ పైకప్పులు పూర్తిగా ఆరిన రోజులు నాకు పెద్దగా గుర్తులేవు. అయినా మొక్కాను. మిల్లులో మగ్గాల ముందు నిలబడి మొక్కాను, రేషన్ క్యూలో నిలబడి మొక్కాను, స్నానాల తొట్టి తోముతూ మొక్కాను.

లెక్క చాలా సులువు. సినిమావాళ్ళకి ఎండ కావాలి. ఎండ రాకపోతే షూటింగు లేదు. షూటింగు అయ్యేదాకా మా ఆయన ఉన్న సైనిక దళాన్ని, మిలట్రీ భాషలో కంపెనీని, ఓడ ఎక్కించరు. ఓడ ఎక్కితే ఎక్కడ దిగుతారో, ఎవరు తిరిగొస్తారో చెప్పేవాళ్ళు లేరు. కాబట్టి వాన పడాలి. దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు.

యుద్ధం మొదలయ్యాక నాలుగో వేసవి అది. మా ఆయన క్లిఫ్ మిల్లులో మగ్గాలు మరమ్మతు చేసే మేస్త్రీ. రెండేళ్ళ కిందట పిలుపొస్తే ఇష్టం లేకపోయినా వెళ్ళి మిలట్రీ బట్టలు తొడుక్కున్నాడు. ఎక్కడెక్కడో తిప్పి తిప్పి, మా అదృష్టం కొద్దీ, ఆ మే నెలలో వాళ్ళ కంపెనీని మా ఊరి పైన, కొండ మీది బీడు నేలలో వేసిన క్యాంపుకే తెచ్చారు. ఓడ ఎక్కించేముందు ఆ క్యాంపులో కొన్నాళ్ళు ఉంచుతారని ఊళ్ళో అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే లండన్ నుంచి సినిమావాళ్ళు లారీలు వేసుకుని దిగారు.

సినిమా కథ కూడా మా ఆయన లాంటివాళ్ళదే. కొట్టులో గుమస్తానో, తోటమాలినో, మెకానిక్కునో ప్రభుత్వం పట్టుకెళ్ళి చేతికి తుపాకీ ఇస్తే, తిట్టుకుంటూ సణుక్కుంటూ చివరికి వాళ్ళు సైనికులెలా అయ్యారన్నది కథ. హీరోలు లండన్ నటులు. వాళ్ళ వెనక నడవడానికి, పరిగెత్తడానికి, బురదలో పడడానికి నిజం సైనికులు కావాలి. దానికి క్లిఫ్ వాళ్ళ కంపెనీని ఇచ్చారు.

ఆదివారం పాసు మీద ఇంటికొచ్చినప్పుడు ఈ సంగతి చెప్తూ క్లిఫ్ నవ్వాపుకోలేకపోయాడు.

"రెండేళ్ళు అరిచి అరిచి మాకు కాళ్ళు కలపడం నేర్పారా? ఇప్పుడేమో కొత్తగా చేరినవాళ్ళలాగా కాళ్ళు కలపకుండా నడవమంటున్నారు. మాకేమో రావట్లేదు. మా సార్జెంటు 'ఒరేయ్, తప్పుగా నడవండ్రా వెధవల్లారా!' అని అరుస్తున్నాడు. పాపం, ఆయనకి ఏడుపొక్కటే తక్కువ."

మా మామయ్య ఈనాక్ నవ్వలేదు. ఆయన మొదటి యుద్ధంలో పోరాడిన మనిషి. ఫిరంగుల మోతకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం పోయింది.

"మా కాలంలో యుద్ధానికంటే యుద్ధానికే వెళ్ళేవాళ్ళం. మొహాలకి రంగు పూసుకుని వేషాలు వేసేవాళ్ళం కాదు" అన్నారు బఠానీలు ఒలుస్తూ.

"మాకెక్కడ పూస్తారు నాన్నా, హీరోకే పూస్తారు."

"ఏమిటీ?"

"రంగు హీరోకే!" అని అరిచాడు క్లిఫ్. తర్వాత నా వైపు తిరిగి, గొంతు లేకుండా పెదవులు మాత్రం కదుపుతూ, "షూటింగు అయ్యేదాకా మమ్మల్ని కదపరట. కెప్టెన్ చెప్పాడు" అన్నాడు.

"నిజంగానా?" అన్నాను, నేనూ పెదవులతోనే.

ఇది మా నేతవాళ్ళ అలవాటు. మగ్గాల షెడ్డులో మోతకి పక్కవాళ్ళు చెవిలో అరిచినా వినపడదు. అందుకని పెదవులు బాగా సాగదీసి, మొహమంతా కదిపి మాట్లాడుకుంటాం. షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి పెళ్ళిసంబంధాలు మాట్లాడుకున్న రోజులున్నాయి. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని క్లిఫ్ అడిగింది కూడా అలాగే, చేతిలో స్పానరు పట్టుకుని, మూడు వరసల మగ్గాల అవతల నుంచి. ఆ మాట నాకన్నా ముందు మధ్యలో ఉన్నవాళ్ళందరూ చదివేశారు. మామయ్య రాతి క్వారీలో పనిచేసిన మనిషి కాబట్టి ఆయనకి ఈ భాష రాదు. మేం అలా మాట్లాడుకుంటే ఆయనకి ఒళ్ళు మంట.

"మళ్ళీ చేపల్లాగా నోళ్ళు తెరుస్తున్నారు. మనుషులేనా మీరు!" అనేవారు.

మర్నాటి నుంచి వాన కోసం ఎదురుచూశాను. మా వీధి తలుపు పక్కన గోడకి ఒక బారోమీటరు ఉంటుంది. మామయ్య రోజూ పొద్దున్నే దాన్ని వేలి మెటికతో రెండు దెబ్బలు కొట్టి, ముల్లు ఎటు కదిలిందో చూసి, ఏమీ అనకుండా వెళ్ళి టీ తాగేవారు. ఇప్పుడు చూసొచ్చి నాతో చెప్పడం మొదలుపెట్టారు.

"ముల్లు పడింది. వాన వస్తుంది. చిక్కుళ్ళకి మంచిది."

"అవును మామయ్యా, చిక్కుళ్ళకి మంచిది."

జూలైలో ముప్పాతిక భాగం చిక్కుళ్ళకి బ్రహ్మాండంగా గడిచింది. పెరట్లో ఆ చిక్కుళ్ళు కుళ్ళిపోయి చచ్చాయి. అప్పుడు కూడా ఆయన ముల్లు పడిందంటే "చిక్కుళ్ళకి మంచిది" అనే అన్నారు. నేనూ అవునన్నాను.

సినిమావాళ్ళు కొండ మీద గొడుగుల కింద కూర్చుని పేకాడేవారు. డైరెక్టరు పొడుగ్గా, సన్నగా, ఒంటె రంగు కోటులో ఉండేవాడు. ఆకాశం వైపు చూసి చూసి మెడ పట్టేసిందని మా వీధి మందుల షాపులో లేపనం కొనుక్కున్నాడు. పాపం, మంచివాడే. మా ఊరి ఆడవాళ్ళంతా తన మీద దేవుడికి ఫిర్యాదులు పెడుతున్నారని ఆయనకేం తెలుసు!

ఆడవాళ్ళంతా అని ఊరికే అనడం లేదు. నా పక్క మగ్గాల మీద పనిచేసే బెర్తా భర్త జో కూడా అదే కంపెనీ. జో ఇంటింటికీ బొగ్గు వేసే మనిషి, పెదవుల మాట వాడికి రాదు, పెద్దగా నోటి మాట కూడా రాదు. బెర్తా మాత్రం పది మంది పెట్టు. షూటింగు సంగతి నేను చెప్పిన పూటే షెడ్డంతా చాటింపు వేసింది. ఆ ఆదివారం చర్చిలో ఫాదరు గారు గడ్డి కోతలకి ఎండ ఇమ్మని దేవుణ్ణి ప్రార్థించారు. ముందు వరసల్లో రైతుల గొంతులు ఆమెన్ అన్నాయి. మిల్లువాళ్ళు కూర్చున్న వెనక వరసల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఫాదరు గారు కళ్ళజోడు పైనుంచి చూసి, వినపడలేదేమోనని మళ్ళీ చదివారు. మళ్ళీ అంతే.

"ఇప్పుడు దేవుడు కూడా ఎవరి మాట వినాలో తేల్చుకోవాలి" అంది బెర్తా బయటికొస్తూ.

ఆగస్టు మధ్యలో క్లిఫ్ ఇంటికొచ్చినప్పుడు కొంచెం వేరుగా ఉన్నాడు. సరిగ్గా తినలేదు.

"ఏమైంది?"

"మా పక్క గుడారాలు ఖాళీ అయిపోయాయి హెట్టీ. నాలుగో కంపెనీ పోయింది. మొన్నటిదాకా మాతో ఫుట్‌బాల్ ఆడినవాళ్ళు. ఇవాళ పొద్దున్నే చూస్తే నిప్పు ఆర్పిన బూడిద తప్ప ఏం లేదు."

"ఎక్కడికి?"

"నాకేం తెలుసు? తెలిసినా చెప్పకూడదు. చెప్తే జైలు. వాళ్ళు వెళ్తుంటే మేం ఏం చేస్తున్నామో తెలుసా? హీరో బురదలో జారి పడితే నవ్వుతున్నాం. అది కూడా సరిగ్గా నవ్వలేదని మళ్ళీ నవ్వించారు."

"నువ్వు నవ్వితే నాకు చాలు. ఇంకో నెల నవ్వు" అన్నాను. నేనేమీ సిగ్గుపడలేదు. దేశం కోసం వేలమంది ఉన్నారు, నాకు ఒక్కడే.

అతను నా వైపు కాసేపు చూసి, "సరేలే" అన్నాడు.

కొండ మీద పని ఎలాగో ముగించుకుని సినిమావాళ్ళు చివరికి స్టేషనుకి దిగారు. మిగిలింది అదొక్క సన్నివేశమే. సైనికులు రైల్లో వెళ్ళిపోతుంటే ఆడవాళ్ళు వీడ్కోలు చెప్పాలి. ఆడవాళ్ళు కావాలంటూ మిల్లుకి మనిషిని పంపారు. వెళ్ళడానికి మేనేజరు సెలవిచ్చాడు. మా షెడ్డు నుంచి గుంపుగా బయల్దేరాం. అందులో నిజం పెళ్ళాలం బెర్తా, నేను. మిగతావాళ్ళు సరదాకి వచ్చిన పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక్కో సైనికుణ్ణి చూపించి, ఇతనే నీ భర్త, ఏడువు అన్నారు.

"ఇతనా? వద్దు బాబూ, ఆ చివరివాణ్ణి ఇవ్వండి" అంది ఒక పిల్ల. అసిస్టెంటు కుర్రాడు చెవులదాకా ఎర్రబడిపోయాడు.

నాకు నా మొగుణ్ణే ఇచ్చారు. చెర్రీపండ్ల గుత్తి ఉన్న నా ఆదివారం టోపీ పెట్టుకుని అతని కిటికీ కింద నిలబడ్డాను. రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి ప్లాట్‌ఫారం మీద, మా వెనక. అది మా తలల మీదుగా కిటికీల్లోంచి వంగిన మగవాళ్ళని తీస్తుంది. రెండోది రైలు పెట్టెలోనే, క్లిఫ్ కిటికీకి పక్క కిటికీలో. అది మమ్మల్ని తీస్తుంది.

డైరెక్టరు బాకా పట్టుకుని చెప్పాడు. "అమ్మా, మీ మనిషి వైపే చూడండి. కెమెరా వైపు మాత్రం చూడకండి. ఒక్కరు చూసినా అంతా పాడైపోతుంది, మళ్ళీ మొదటినుంచి తియ్యాలి. మగవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. ఏం మాట్లాడినా ఫరవాలేదు, మాటలు తీసేసి బ్యాండు సంగీతం పెడతాం."

విజిలు వేశారు. రైలు కదిలింది. క్లిఫ్ కిటికీలోంచి వంగి, చాలా దిగులుగా మొహం పెట్టి, పెదవులతో, "నీ వెనకున్న స్టేషన్ మాస్టరు పంట్లాం గుండీ ఊడింది. చూడకు, చూడకు" అన్నాడు. నేను రుమాలు నోట్లో కుక్కుకున్నాను. అది ఏడుపని అనుకుని డైరెక్టరు ఎంతో సంతోషించాడు.

రైలు ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి, ఆగి, పొగ వదులుకుంటూ మళ్ళీ వెనక్కి వచ్చింది. క్లిఫ్ మళ్ళీ నా ముందు ఆగాడు.

ఆ రైలు వెనక్కి రావడం చూస్తూ నిలబడిపోయాను. మొగుణ్ణి తీసుకెళ్ళి, కాసేపట్లో తెచ్చి ఇచ్చేసే రైలు. అలాంటి రైలుంటే ప్రపంచంలో ఏ ఆడదీ యుద్ధానికి అడ్డం చెప్పదు.

రెండోసారి తీస్తుంటే చివర నిలబడ్డ పిల్ల పొరపాటున కెమెరాలోకి చూసేసింది. "కట్!" అని అరుపు. మళ్ళీ అందర్నీ సర్దేసరికి మబ్బు కమ్మింది. ఎండ కోసం చూస్తుండగానే మిల్లువాళ్ళ సాయంత్రం బండి వచ్చే వేళైంది. స్టేషను మాకు మధ్యాహ్నం బండికీ సాయంత్రం బండికీ మధ్యే ఇచ్చారు. ఆ రోజుకి పని ఆపేశారు.

బెర్తా నా వైపు తిరిగి పెదవులు విప్పింది. "చూశావుటే? ఒక్క చూపు. ఒక రోజు కలిసొచ్చింది."

ఇక చూడండి మా తెలివి! మర్నాడు బెర్తా చూసింది. ఆ మర్నాడు పక్క వీధి పిల్ల చూసి, "క్షమించండి సార్, పెట్టెలో ఉన్న మీ అబ్బాయి అందంగా ఉంటే కన్ను లాగేసింది" అంది. తర్వాత నేను. వంతులు వేసుకున్నాం. ఒకసారి పాడైతే మళ్ళీ అందర్నీ సర్దేలోగా మబ్బో, సాయంత్రం బండో వచ్చేసేది. వాన రోజులు ఎటూ మనవే. డైరెక్టరు బాకా నేలకేసి కొట్టి, "ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి మెడలు సరిగ్గా ఉండవా?" అని అరిచాడు. సాయంత్రం మళ్ళీ తనే వచ్చి అందరికీ బన్నులు పంచి క్షమాపణ చెప్పాడు.

క్లిఫ్ ప్రతిసారీ కొత్త జోకు చెప్పేవాడు. ఒకసారి ఇంట్లో కోడిపెట్టల పేర్లన్నీ చదివి, ఒక్కోదానికీ నా చేత వీడ్కోలు చెప్పించాడు. ఇంకోసారి, "వెళ్ళొస్తాను ప్రియా, రాత్రి చేప వేయించి ఉంచు, ఎలాగూ తిరిగొచ్చేస్తానుగా" అన్నాడు. మా మంతనాలు ఆ లండన్ వాళ్ళలో ఒక్కరికీ అంతుపట్టలేదు.

ఆఖరి రోజు పొద్దున మామయ్య బారోమీటరుని కొట్టారు. మామూలుగా రెండు దెబ్బలు. మళ్ళీ రెండు. మళ్ళీ కొంచెం గట్టిగా.

"పగులుతుంది మామయ్యా."

"ముల్లు పైకి పోయింది" అన్నారు. "చిక్కుళ్ళకి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. పెరట్లో చిక్కుళ్ళు లేవు కదా.

ఆ రోజు ఎండ ఎలా కాసిందంటే, ఊళ్ళో గోడలన్నీ ఆవిర్లు కక్కాయి. స్టేషన్‌లో సైనికులందరూ గడ్డాలు నున్నగా గీసుకుని, బూట్లు తళతళలాడిస్తూ ఉన్నారు. సార్జెంటు తిట్టకుండా మెల్లగా మాట్లాడుతున్నాడు. అది చూసైనా నాకు అనుమానం రావలసింది. నాకు ఆ రోజు నా వంతు సంగతి తప్ప ఇంకేదీ తలకెక్కలేదు. ఎండ అంత గట్టిగా ఉంది కాబట్టి ఒక్క క్షణం చూపు చాలదు, పూర్తిగా పాడుచెయ్యాలి. విజిలు వేసినప్పటినుంచి చివరిదాకా కెమెరాలోకే చూడాలని ముందే బెర్తాతో అనుకున్నాను.

విజిలు వేశారు. నేను తల తిప్పి, పక్క కిటికీలోని ఆ గుండ్రటి గాజుకన్ను వైపు చూశాను. చూస్తూనే ఉన్నాను. కంటి చివర క్లిఫ్ పెదవులు కదలడం తెలుస్తూనే ఉంది. రోజూలా గబగబా కాదు. చెవిటివాళ్ళకి చెప్పినట్టు నిదానంగా, ఒక్కో మాటా సాగదీసి. ఇవాళ జోకు పెద్దదే అనుకున్నాను. తర్వాత అడిగి చెప్పించుకోవచ్చు, రైలెలాగూ వెనక్కి వస్తుంది.

రైలు వెళ్ళింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

పెట్టెలో కెమెరా దగ్గరున్నవాడు, "సార్, చెర్రీల టోపీ ఆవిడ మళ్ళీ చూసింది" అని అరిచాడు.

డైరెక్టరు ఈసారి అరవలేదు. ప్లాట్‌ఫారం మీది కెమెరా పక్కన నిలబడి, మొహమంతా వెలిగిపోతుండగా, "ఆడవాళ్ళ సంగతి వదిలెయ్యండి. వాళ్ళని స్టూడియోలో వేరేవాళ్ళతో తీసుకుంటాం. మగవాళ్ళ షాటు నాకు బ్రహ్మాండంగా వచ్చేసింది. ఆ మూడో కిటికీలో అతన్ని చూశారా? అబ్బ, ఏం మొహం! ఏం నటన! చాలు, సర్దండి" అన్నాడు.

మూడో కిటికీలో ఉన్నది క్లిఫ్.

నేను గబుక్కున అతని వైపు తిరిగాను. అప్పటికే సార్జెంటు వాళ్ళని అటువైపు తలుపుల్లోంచి దింపి వరసల్లో నిలబెడుతున్నాడు. పెట్టె కిందనుంచి బూట్లు మాత్రం కనిపించాయి. అన్నీ ఒకేసారి కదిలాయి. ఆ రోజు ఒక్క కాలు కూడా తప్పలేదు.

మర్నాడు పొద్దున కొండ మీంచి, రోజూ క్యాంపులో ఊదే బూరా వినపడలేదు. మామయ్యకి ఎటూ వినపడదు, నా మొహం చూసి అర్థం చేసుకున్నారు. ఒక బుట్టలో గుడ్లు పెట్టుకుని, క్లిఫ్‌కి ఇచ్చొస్తానని కర్ర పట్టుకుని కొండెక్కారు. మధ్యాహ్నం దిగి వచ్చారు. బుట్టలో గుడ్లు అలాగే ఉన్నాయి.

"బూడిద" అన్నారు. అంతే.

బెర్తాని అడిగాను. "క్లిఫ్ ఏమన్నాడో నువ్వేమైనా చూశావా?"

"లేదే. నేను జోని చూస్తున్నా. ఎప్పుడూ పళ్ళికిలించేవాడు నిన్న ఏడ్చాడే. అంత పెద్ద మనిషి, నోరు మెదపకుండా కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుంటున్నాడు. డైరెక్టరు చెప్పాడేమో అనుకున్నాను." తర్వాత, "మన కళ్ళకి ఏమైందే హెట్టీ?" అంది.

మిగతా పిల్లల్ని కూడా అడిగాను. ఎవరికి ఇచ్చిన మొగుణ్ణి వాళ్ళు చూస్తున్నారట.

శీతాకాలం ముందు క్లిఫ్ నుంచి ఉత్తరం వచ్చింది. అతను ఇటలీలో ఉన్నాడని తర్వాత తెలిసింది. నేను జవాబులో మొదట అడిగింది ఇదే, స్టేషన్‌లో ఏం చెప్పావని. "నువ్వు చూడలేదు కదూ. ఫరవాలేదు, వచ్చాక చెప్తాను" అని రాశాడు. నాకు కోపం వచ్చింది. ఊరించడం మనిషికి అలవాటు. వచ్చాక చెప్తావేం, ఇప్పుడే చెప్పు అని మళ్ళీ రాశాను.

దానికి జవాబు రాలేదు. ఫిబ్రవరిలో యుద్ధశాఖ నుంచి టెలిగ్రాం వచ్చింది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి మామయ్య దాన్ని బారోమీటరు కింద గుమ్మంలో పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ రోజు నుంచి ఆయన బారోమీటరుని కొట్టడం మానేశారు. ముల్లు ఎక్కడ ఉందో అక్కడే కొన్నాళ్ళు ఉండిపోయింది. నేనే ఒకరోజు దుమ్ము తుడుస్తూ తట్టాను.

జో మాత్రం కాలు పోగొట్టుకుని మే నెలలో ఇంటికొచ్చాడు. స్టేషన్‌లో ఆ రోజు ఏమైందని అడిగితే, "పొద్దున్నే చెప్పారు, ఆ రాత్రే బండి అని. పెదవి కదిపితే జైలన్నారు. నేను కదపలేదు" అన్నాడు. తర్వాత, "క్లిఫ్ కదిపాడు. ఏమన్నాడో నాకేం తెలుస్తుంది?" అన్నాడు.

మళ్ళీ వేసవిలో ఆ సినిమా మా ఊరి హాలుకి వచ్చింది. నేను వెళ్ళనన్నాను. బెర్తా వినలేదు. అన్నిటికన్నా ఆశ్చర్యం, మామయ్య చొక్కాకి గంజి కాలరు తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. "వాడు తెర మీద నడుస్తాడా?" అన్నారు.

"నడుస్తాడు మామయ్యా. కాళ్ళు కలపకుండా నడుస్తాడు."

మధ్యాహ్నం ఆట. మిల్లు సెలవుల వారం కావడంతో హాలంతా మిల్లువాళ్ళే. కొండ కనపడగానే ఒకటే కేకలు. మా సార్జెంటు గొంతు వినపడితే ఈలలు వేశారు. క్లిఫ్ ఒకటి రెండుసార్లు గుంపులో కనిపించి పోయాడు. ప్రతిసారీ మామయ్య నా మోచెయ్యి గిచ్చారు.

స్టేషను వచ్చింది. మొదట ఆడవాళ్ళు. లండన్ స్టూడియోలో తీసిన ఆడవాళ్ళు, మొహాన బొగ్గు మసి, మా ముత్తవ్వల కాలం శాలువాలు. "ఓరి దేవుడా, మిల్లుకి వెళ్ళేముందు బొగ్గులో దొర్లుతామనుకున్నారా వీళ్ళు!" అంది వెనకనుంచి ఎవరో. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఆగకముందే మూడో కిటికీ వచ్చింది.

తెర నిండా క్లిఫ్. కింద మూల నా టోపీ, చెర్రీల గుత్తి. ఆ టోపీ అతని వైపు లేదు, పక్కకి తిరిగి ఉంది. బ్యాండు గట్టిగా మోగుతోంది. క్లిఫ్ నిదానంగా, ఒక్కో మాటా సాగదీసి, షెడ్డు ఆ చివర నుంచి చెప్పినట్టు చెప్పాడు.

"హెట్టీ. ఇది నిజం వీడ్కోలు. ఈ రాత్రే వెళ్తున్నాం. నా వైపు చూడు. ఒక్కసారి చూడవే."

హాల్లో నవ్వులు, ఈలలు ఆగిపోయాయి. బ్యాండు మాత్రం మోగుతోంది. ఆ సినిమా దేశమంతా ఆడింది. అన్ని ఊళ్ళలోనూ జనం ఆ మొహాన్ని చూసి ఏడ్చి ఉంటారు, పత్రికలవాళ్ళు మెచ్చుకుని ఉంటారు. అతను ఏమన్నాడో మాత్రం మాలాంటి నేత ఊళ్ళవాళ్ళకే తెలుసు. మా హాల్లో ప్రతి ఒక్కరూ చదివారు. బెర్తా నా చెయ్యి పట్టుకుంది. వెనక వరసలో ఎవరో వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టారు.

మామయ్యకి ఏమీ అర్థం కాలేదు. ఇటు చూశారు, అటు చూశారు. చెవిటివాళ్ళు మాట్లాడేంత గట్టిగా, "ఏమిటి? వాడేమన్నాడు?" అన్నారు.

నేను ఆయన సగం వినపడే చెవి దగ్గర నోరు పెట్టి, మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆ రాత్రి వెళ్తున్నానన్నది చెప్పాను. నా వైపు చూడమని అడిగింది చెప్పాను. నేను ఎటు చూస్తున్నానో కూడా చెప్పాను.

సినిమా అయిపోయింది. లైట్లు వేశారు, అందరం లేచి, ఆట చివర వేసే రాజుగారి జాతీయగీతానికి నిలబడ్డాం. జనం మెల్లగా మా పక్కనుంచి బయటికి వెళ్తున్నారు. కొందరు నా భుజం తట్టి వెళ్ళారు. నేను కోటు తీసుకోబోతే మామయ్య నా చెయ్యి పట్టి ఆపారు.

"మళ్ళీ ఆట ఉందా?"

"ఉంది. ఇంకాసేపట్లో."

"అయితే కూర్చో. ఈసారి చూడు" అన్నారు.

కూర్చున్నాం. బెర్తా వెళ్ళి టీ తెచ్చింది. వార్తల రీలు వేశారు, ఏదో కార్టూను వేశారు, మళ్ళీ కొండ, మళ్ళీ సార్జెంటు, మళ్ళీ ఆ శాలువాల ఆడవాళ్ళు. మూడో కిటికీ వచ్చింది.

"చూస్తున్నాను క్లిఫ్" అన్నాను, పెదవులతోనే.

రైలు కదిలింది. అది తెర అంచు దాటిపోయేదాకా కన్ను తిప్పలేదు.